దగ్గరికి వెళ్ళే కొద్దీ ఎపర్చర్

ఎపర్చర్‌ని తెలుగులో ఏమంటారో అని చాలా రోజులు వెతికాను. నిఘంటువులో రంధ్రం, ద్వారం అని ఉన్నాయి. రంధ్రం అంటే నాకు ముక్కే గుర్తొస్తుంది. ద్వారం అంటే గుడి ముఖద్వారం. ఫోటోలు తీసే తెలుగువాళ్ళు ఎపర్చర్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. మనసులో మాత్రం కంటిపాప అనుకుంటాను. ఎండలో చిన్నదవుతుంది, చీకట్లో పెద్దదవుతుంది. లెన్స్‌లో ఆ పని మన వేళ్ళతో మనమే చేస్తాం, అంతే తేడా.

కొత్తగా వచ్చిన వాళ్ళకి నా సంగతి ఒక్క ముక్కలో: చదివింది హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియం, రెండో భాష హిందీ. తెలుగు అక్షరాలు అరవై ఏళ్ళు వచ్చాక ఇక్కడ ఒహాయోలో కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను. గుడిలో వాలంటీర్‌గా నా వంతు పని నగల జాబితా. ప్రతి నగకీ ఒక నంబరు, బరువు, రెండు ఫోటోలు. ఇన్సూరెన్స్ వాళ్ళకి అవే కావాలి.

ఈసారి కథ ఒక పతకంతో మొదలైంది. పాత హారాల నుంచి విడిపోయిన ముక్కలు, రాళ్ళు ఊడిపోయిన బిళ్ళలు కొన్ని ఉన్నాయి. వాటన్నిటినీ కరిగించి అమ్మవారికి కొత్త కిరీటం చేయిద్దామని కమిటీ అనుకుంది. ఇచ్చిన కుటుంబం ఒప్పుకుంటేనే కరిగించాలి, అది మా గుడిలో నియమం. ఒక పతకం వెనక అరిగిపోయిన తెలుగు అక్షరాలు ఉన్నాయి. ముందు ఇంటిపేరు పొడి అక్షరం ఒకటి, తర్వాత పేరు. ఆ పేరున్న ఆవిడలు మా ఊళ్ళో ఇద్దరు ఉండేవారు. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఒకరి ఇంటిపేరు ప తో మొదలవుతుంది, ఇంకొకరిది వ తో. వ వాళ్ళు కరిగించడానికి సరే అన్నారు. ప గారి అమ్మాయి మాత్రం, "అది మా అమ్మదే అయితే అలాగే ఉంచండి ఆంటీ" అంది. ఆ రోజుల్లో రాసిన దాతల పుస్తకం తడిసి పాడైపోయింది. అంటే మిగిలిన సాక్ష్యం ఆ ఒక్క అక్షరమే.

మనలాంటి వాళ్ళకి ప, వ ల బాధ తెలుసు. ప లో తలకట్టు అక్షరానికి అంటకుండా పైన విడిగా ఉంటుంది. వ లో అతుక్కునే ఉంటుంది. కాగితం మీద ఆ ఖాళీ కనిపిస్తుంది. కానీ ఇక్కడ అక్షరం ఎత్తే ఒక మిల్లీమీటరు. ఖాళీ ఉంటే గింటే అందులో పదో వంతు. పైగా కంసాలి చెక్కిన గీతలతో పాటు ఇరవై ఏళ్ళ తోముడు గీతలు కూడా ఉన్నాయి. పూజారి గారు భూతద్దం పెట్టి చూసి, "ప లాగే ఉందమ్మా" అన్నారు. ఐదు నిమిషాల తర్వాత, "వ కూడా కావచ్చు" అన్నారు.

నా దగ్గర నికాన్ 55 మి.మీ. మైక్రో-నిక్కార్ లెన్స్ ఉంది. చేత్తో ఫోకస్ చేసే పాతది, ఎపర్చర్ రింగ్ లెన్స్ మీదే ఉంటుంది. అందరూ మాక్రో అనేదాన్ని నికాన్ వాళ్ళు మైక్రో అంటారు. దాని వెనక కథ నాకు చాలా ఇష్టం. మొదటి మైక్రో-నిక్కార్ 1956లో వచ్చింది. పుస్తకాలను మైక్రోఫిల్మ్ మీదకి ఎక్కించేటప్పుడు జపాన్ వాళ్ళ కాంజీ అక్షరాల్లో సన్న గీతలు కలిసిపోకుండా ఉండాలని చేసిన లెన్స్ అది. చిక్కటి లిపి కోసం పుట్టిన లెన్స్‌తో మన లిపి చదవడం నాకు న్యాయంగానే అనిపించింది.

ఈ 55 లెన్స్ ఒంటరిగా వస్తువుని సగం సైజు వరకే చూపిస్తుంది. అంటే రెండు మిల్లీమీటర్ల వస్తువు సెన్సర్ మీద ఒక మిల్లీమీటరు. అసలు సైజు రావాలంటే కెమెరాకీ లెన్స్‌కీ మధ్య ఒక గొట్టం పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ అంటారు. లోపల గాజు ఏమీ ఉండదు, ఉత్త గొట్టమే. నాది 27.5 మి.మీ. లెక్క చాలా సులువు: గొట్టం పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత సైజు కలుస్తుందో వస్తుంది. 27.5 ని 55 తో భాగిస్తే సగం. లెన్స్ ఇచ్చే సగం, గొట్టం ఇచ్చే సగం, కలిపి ఒకటి. దీని బదులు దూరంగా ఉన్నవి ఫోకస్ కావు. పతకానికి దూరంతో పనేముంది?

ఇప్పుడు ఎపర్చర్. రింగ్ మీద రాసి ఉన్న ఎఫ్ 2.8, ఎఫ్ 8 లాంటి నంబర్లు దూరంగా ఉన్న వస్తువులకే నిజం. దగ్గరికి వెళ్ళాలంటే లెన్స్ సెన్సర్ నుంచి ముందుకు జరగాలి. గోడ దగ్గర పట్టుకున్న టార్చిలైటుని వెనక్కి లాగి చూడండి. వెలుగు వలయం పెద్దదవుతుంది, పలచబడుతుంది. ఇదీ అంతే. అసలు సైజు దగ్గర లెన్స్‌కీ సెన్సర్‌కీ దూరం రెట్టింపు అవుతుంది, అదే వెలుగు నాలుగింతల చోట పరుచుకుంటుంది. నాలుగో వంతు వెలుగు అంటే రెండు స్టాప్‌లు తగ్గినట్టు.

లెక్క కావాలంటే: సైజుకి ఒకటి కలిపి, దానితో రింగ్ మీద నంబరుని గుణించండి. సగం సైజులో ఎఫ్ 2.8 కాస్తా 4.2 అవుతుంది. అసలు సైజులో 5.6. ఎఫ్ 8 పెడితే నిజానికి 16, ఎఫ్ 32 పెడితే 64! అన్ని లెన్స్‌లకీ ఇది అచ్చంగా సరిపోదు. ఈ కాలపు లెన్స్‌లు లోపలి గాజులు జరిపి ఫోకస్ చేస్తాయి, దగ్గర్లో వాటి ఫోకల్ లెంగ్త్ కూడా తగ్గుతుంది. నా స్నేహితురాలి నికాన్ 105 మి.మీ. మైక్రో అలాంటిది. అసలు సైజుకి వెళ్ళేసరికి కెమెరా 2.8 బదులు 4.8 చూపిస్తుంది. లెన్స్ పాడైందని ఆవిడ కంగారు పడింది. ఏమీ పాడవలేదు, నికాన్ కెమెరా నిజం చెబుతోంది. కానన్ కెమెరాలో 2.8 అని పెడితే ఎంత దగ్గరికెళ్ళినా 2.8 అనే చూపిస్తుంది, లోపల జరిగేది మాత్రం అదే.

మామూలుగా దీని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. కెమెరా లెన్స్ గుండా వచ్చిన వెలుగునే కొలుస్తుంది కాబట్టి షట్టర్ సమయం తనే సర్దుకుంటుంది. సెకనులో అరవయ్యో వంతు ఉన్నది పదిహేనో వంతు అవుతుంది. చెయ్యి వణికే నా వయసులో అది ట్రైపాడ్ వయసు కూడా. ఫ్లాష్‌ని చేత్తో లెక్కవేసి వాడేవాళ్ళు మాత్రం ఆ రెండు స్టాప్‌లు కలుపుకోవాలి.

మా వాలంటీర్లలో ఫోటోల పిచ్చి ఉన్న కుర్రాడు ఒకడు ఉన్నాడు. "ఎఫ్ 32 పెట్టండి ఆంటీ, పతకం మొత్తం ఫోకస్‌లోకి వస్తుంది" అన్నాడు. అతను చెప్పిన దాంట్లో సగం నిజమే. అసలు సైజులో ఎఫ్ 8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు దాదాపు ఒక మిల్లీమీటరే. పతకమేమో వంపు తిరిగి ఉంది. ఎఫ్ 32 దగ్గర లోతు నాలుగింతలు వస్తుంది. కానీ కన్నం మరీ చిన్నదైతే వెలుగు దాని అంచుల దగ్గర వంగి చెదురుతుంది. ప్రతి చుక్కా చిన్న మచ్చ అవుతుంది. ఎఫ్ 8 లో, అంటే నిజమైన 16 లో, ఆ మచ్చ వెడల్పు 0.02 మి.మీ. ఎఫ్ 32 లో, అంటే నిజమైన 64 లో, దాదాపు 0.09 మి.మీ. మనం వెతికే ఖాళీయే 0.1! లోతు కోసం ఎపర్చర్ మూసుకుంటూ పోతే, చూడాల్సిన ఖాళీని మనమే పూడ్చేస్తాం.

అతనికి చూపించడానికి రెండూ తీశాను. ఎఫ్ 32 ఫోటోలో అక్షరాలన్నీ ఒకే తీరుగా, మెత్తగా ఉన్నాయి. పొడి అక్షరం వ అని ఎవరైనా ఒట్టేసి చెబుతారు. ఎఫ్ 8 లో పేరు సగం మసకే, కానీ పొడి అక్షరం మీద ఫోకస్ పెట్టినప్పుడు తలకట్టు కింద సన్న చీలిక కనిపించింది. దాని మీదుగా అడ్డంగా ఒక గీత కూడా ఉంది. పూజారి గారిని తికమక పెట్టింది అదే.

ఆ గీత కంసాలిదా, తోముడుదా? అది తేల్చింది ఎపర్చర్ కాదు, వెలుగు. లెన్స్ పతకానికి మూడు నాలుగు వేళ్ళ దూరంలోనే ఉంటుంది, పై నుంచి దీపం పెడితే లెన్స్ నీడే పడుతుంది. చిన్న టార్చిని బల్లకి ఆనించి, ముందు తెల్ల కాగితం పెట్టి, పక్క నుంచి వెలుగు పంపాను. చెక్కిన గీతల్లో ఒక గోడ మెరిసింది, ఇంకో గోడ నీడగా నిలిచింది. అడ్డ గీతకి నీడ లేదు. టార్చిని ఎదురు వైపుకి మార్చి మళ్ళీ తీశాను. అప్పుడూ లేదు.

ఆ అమ్మాయి శనివారం గుడికి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఫోటోని స్క్రీన్ నిండా పెద్దది చేసి చూపించాను. "ఇందులో ఏది అక్షరం ఆంటీ, ఏది గీత?" అంది. పక్కనే ఉన్న అర్చన రసీదు వెనక్కి తిప్పి, ప ఒకసారి పెద్దగా రాసి చూపించాను, తలకట్టు విడిగా పెట్టి. ఆ రసీదు తీసుకుని పర్సులో పెట్టుకుంది.