ఆర్థరు షిక్కు చిత్రములు

గడపల మీదను, క్రొత్త లెక్కపుస్తకముల మొదటి పుటల మీదను స్వస్తికమును చూచుచు పెరిగినవారము మేము. స్వస్తి యనగా శుభము. పోలండు దేశపు యూదు చిత్రకారుడొకడు తన పవిత్రగ్రంథమున దానిని క్రూరుల గుర్తుగా వ్రాసెనని తెలిసినప్పుడు మా మనస్సు కలుక్కుమన్నది. నాజీలు దాని నేమి చేసిరో యెరిగిన పిమ్మట అతనిని తప్పుపట్టలేకపోతిమి.

అతని పేరు ఆర్థరు షిక్కు. 1894లో పోలండునందలి వూచ్ నగరమున జన్మించెను. 1934 మొదలు 1936 వరకు హగ్గదాకు చిత్రములు వ్రాసెను. పస్కా రాత్రి యూదులు భోజనపు బల్లచుట్టు కూర్చుండి చదువుకొను పుస్తకమది. ఐగుప్తు దాస్యమునుండి ఇశ్రాయేలీయులు విడుదల నొందిన కథ అందున్నది. నిర్గమకాండము చదివిన మన బాలబాలికలకు వేరుగ చెప్పనక్కరలేదు. అందు నలుగురు కుమారుల ప్రస్తావన వచ్చును. వారిలో దుష్టునికి షిక్కు జర్మను దుస్తులు తొడిగి హిట్లరు మీసకట్టు పెట్టెను. ఐగుప్తీయులకు నాజీ స్వస్తికమును తగిలించెను. ఫరో యెన్నడో చచ్చినవాడు కాడు, బెర్లినులోనే యున్నాడని అతని భావము కాబోలు. ప్రచురణకర్తలు జంకిరి. తుదకు ఆ గుర్తులపై రంగు పూసి మరుగుపరచిన పిమ్మటనే, 1940లో లండనునందు, దూడతోలు పత్రములపై 250 ప్రతులుగా గ్రంథము వెలువడెను. ఆ యేడే ఫ్రాన్సు జర్మనులకు లొంగినది. పుదుచ్చేరి గవర్నరు బొన్వేను డిగాలు పక్షము వహించుటచే, నాడు ఫ్రెంచివారి యేలుబడిలోనుండిన మన యానాము సయితము హిట్లరు విరోధుల పక్షమున నిలిచినది.

షిక్కు 1940లోనే అమెరికా చేరి పత్రికలకు యుద్ధపు వ్యంగ్యచిత్రములు వ్రాయసాగెను. ఇక మరుగుపరచ నక్కరలేకపోయెను. 1941లో అవి పుస్తకముగా వచ్చినవి. ప్రార్థనాగ్రంథమునకు పట్టిన సన్నకుంచెతోనే సేనానుల పతకములను, బూట్ల మెరుపును దిద్దెను. పోలండున చిక్కుకొనిన అతని తల్లిని నాజీలు చంపిరి. 1943లో వ్రాసిన యొక చిత్రమున హతులైన యూదుల కళేబరములు గుట్టపడియుండును. హేబెలునుగూర్చి కయీనును దేవుడడిగిన ప్రశ్నయే దానికి శీర్షిక. ఆ చిత్రముముందు మేము నవ్వలేదు, మాటలాడలేదు.

జపానీయులను వ్రాసినచోట మాత్రము అతని కుంచె మాకు నచ్చలేదు. పాలకుల దుష్టత్వమును విడిచి జాతి ముఖమునే వెక్కిరించినట్లుండును. అయినను అమెరికాలోని వర్ణద్వేషమును అతడు విడిచిపెట్టలేదు. 1944 నాటి చిత్రమొకదానిలో, హిట్లరు నేమి చేయుదువని తెల్లసైనికుడు తోటి నల్లజాతి సైనికుని అడుగును. వానిని నల్లవానిగా మార్చి అమెరికాలో నెక్కడనైన దింపుదునని అతడు బదులు చెప్పును.