నైరుతి తలుపు

వాస్తు పిచ్చి మన తెలుగువాళ్ళ సొంత ఆస్తి అని చాలాకాలం అనుకునేవాణ్ణి. కలకత్తాలో ఉద్యోగం చేశాక ఆ భ్రమ పోయింది.

నేను పనిచేసింది ఒక డిజైన్ సంస్థలో. ఆఫీసు ఒకప్పటి జూట్ మిల్లు షెడ్డు. (బెంగాల్లో మొదటి జూట్ మిల్లు 1855లో రిష్రాలో పెట్టారు. తర్వాత టిటాగఢ్ లాంటి చోట్ల పనికి శ్రీకాకుళం వైపు నుంచి మనవాళ్ళు కూడా వెళ్ళారు.) 2012లో పక్క భాగం కూడా అద్దెకు తీసుకుని ఆఫీసు పెద్దది చేశారు. కప్పు రంపం పళ్ళలా ఉంటుంది. ఒక్కో పన్నుకి ఒకవైపు ఏటవాలు రేకు, రెండోవైపు నిలువు అద్దం. అద్దాలన్నీ ఉత్తరానికే.

పని మొదలుకాకముందే బాస్ వాస్తు పండితుణ్ణి పిలిపించారు. ఆయన కప్పు చూసి, "ఉత్తరం కుబేరస్థానం. చూశారా, తెల్లవాళ్ళకి కూడా వాస్తు తెలుసు" అన్నాడు. బాస్ పొంగిపోయారు. నాకు ఉండబట్టలేదు. "ఆస్ట్రేలియాలో ఇలాంటి షెడ్లకి అద్దాలు దక్షిణానికి పెడతారండీ. అక్కడ కుబేరుడు ఇల్లు మారాడా?" అన్నాను.

ఇందులో రహస్యమేం లేదు. మన వైపు సూర్యుడు ఏడాదిలో ఎక్కువకాలం దక్షిణానికి వాలి తిరుగుతాడు. కాబట్టి ఉత్తరపు అద్దంలోంచి వెలుగు వస్తుంది, ఎండ పెద్దగా రాదు. కరెంటు దీపాలు లేని రోజుల్లో మగ్గం మీద తెగిన పోగు కనపడాలంటే అలాంటి వెలుగే కావాలి. (కలకత్తా కర్కటరేఖకు కాస్త దిగువన ఉంది కనుక జూన్‌లో కొద్దిరోజులు ఎండ లోపలికొచ్చేది. బల్లలు జరుపుకునేవాళ్ళం.) భూమధ్యరేఖ దాటితే లెక్క తిరగబడుతుంది. మరి మహిమ దిక్కుదా, సూర్యుడిదా?

వాదన ఇక్కడితో ఆగితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కొత్త భాగంలో నైరుతి మూల, వెనక సందులోకి తెరుచుకునే ఇనప తలుపు ఒకటుంది. నిప్పంటుకుంటే బయటపడటానికి ముందు గుమ్మం కాక మిగిలిన దారి అదొక్కటే. "నైరుతి ద్వారం యజమానికి ప్రాణగండం, ఇటుకలు పెట్టి మూసెయ్యండి" అన్నాడు పండితుడు.

ఏ ఊళ్ళో అన్నాడో చూడండి! 2010 మార్చి 23న పార్క్ స్ట్రీట్‌లో స్టీఫెన్ కోర్ట్ తగలబడి 43 మంది పోయారు. వాళ్ళలో పై అంతస్తుల నుంచి దూకినవాళ్ళూ ఉన్నారు. 2011 డిసెంబర్ 9న ఢాకురియా ఆమ్రి ఆసుపత్రిలో తొంభై మందికి పైగా పోయారు, ఎక్కువమంది పొగకే. కార్లు పెట్టాల్సిన బేస్‌మెంట్‌లో సామాను నింపారు. మా షెడ్డులో చెక్క గోడలు, కాగితాలు, రంగులు, నలభై మంది మనుషులు. యజమాని ఒక్కడి గండమే గండమా?

తలుపు మూస్తే ఈ ప్లాను మీద సంతకం పెట్టనని చెప్పేశాను. పక్కవాళ్ళెవరూ నోరు విప్పలేదు. రెండు రోజులు ఇంట్లో ఉద్యోగం పోయిందనే అనుకున్నాం. మూడోరోజు పండితుడు మళ్ళీ వచ్చాడు. మూయక్కర్లేదట, తలుపు మీద తొమ్మిది రాగి పిరమిడ్లు బిగిస్తే దోషం పోతుందట. అవి ఆయన దగ్గరే కొనాలట! మనిషిని చంపేటంత దోషం తొమ్మిది రాగి ముక్కలకి లొంగిపోయింది.

నేను కిమ్మనలేదు. తర్వాత మన సంఘం మిత్రులు "రాజీపడ్డావు" అన్నారు. పడ్డాను. తలుపు మిగిలింది కదా.

అక్కడ ఉన్నన్నాళ్ళూ సాయంత్రం ఇంటికెళ్ళే ముందు ఆ గడియ తీసి, తలుపు తోసి చూసేవాణ్ణి. ఏడాది తిరక్కుండానే పిరమిడ్లలో రెండు ఊడిపోయాయి. ఎవరూ గమనించలేదు, బాస్‌తో సహా.