లేదు, కాదు, వద్దు

కాన్ఫిగరేషన్ ఫైల్లో ట్రూ/ఫాల్స్ సెట్టింగులంటే మన ఇంజనీర్లలో చాలామందికి చిన్నచూపు. ఉన్నవి రెండే విలువలు, అందులో ఆలోచించడానికేముంది అంటారు. నా మటుకు నాకు ఫైలు మొత్తంలో ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సినవి అవే అనిపిస్తుంది. ఎందుకో చెప్పడానికి ఇంగ్లీషు కంటే మన తెలుగే బాగా పనికొస్తుంది.

ఇంగ్లీషువాడు అన్నిటికీ "నో" అంటే సరిపోతుంది. మనకలా కుదరదు. హోటల్లో "పూరీ ఉందా?" అంటే "లేదు". "ఇది అల్లం చట్నీయేనా?" అంటే "కాదు". "ఇంకో ఇడ్లీ వెయ్యమంటారా?" అంటే "వద్దు". వీటిని తారుమారు చేసి మాట్లాడితే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ప్రోగ్రాముల్లో మాత్రం మూడిటినీ తీసుకెళ్ళి ఒకే ఫాల్సులో కుక్కేస్తాం.

ఫైల్లో సెట్టింగే కనబడకపోతే అది "లేదు": ఎవరూ ఏమీ చెప్పలేదని. "ఇది ప్రొడక్షన్ సర్వరేనా?" అన్నదానికి ఫాల్స్ ఉంటే అది "కాదు": ఉన్న సంగతి. "కస్టమరుకి ఎస్సెమ్మెస్ పంపాలా?" అన్నదానికి ఫాల్స్ ఉంటే అది "వద్దు": ఒక మనిషి కోరి చెప్పిన మాట. మొదటిదానికి మనం డిఫాల్టు పెట్టుకోవచ్చు. చివరిదాన్ని మార్చే హక్కు మనకి లేదు.

మా బేస్తవారిపేట వైపు బోర్ల మీద వ్యవసాయం చేసేవాళ్ళకి ఈ తేడా ఒకరు చెప్పక్కర్లేదు. మోటరు ఆగి ఉందంటే కరెంటు లేకపోవచ్చు, లేదా రైతే వద్దని ఆపి ఉండొచ్చు. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ స్టార్టరు డబ్బాకి ఆటో పెట్టి ఉంటే, కరెంటు రాగానే మోటరు తనంతట తనే తిరుగుతుంది. "కరెంటు లేదు" అన్నదాన్ని "మోటరు ఆపేశారు" అనుకుని వైర్ల మీద చెయ్యి పెడితే ప్రాణానికే ముప్పు. అందుకే మోటరు ఆగి ఉన్నా సరే, ఆటో తీసి, ఫీజులు పీకి, అప్పుడు ముట్టుకోవాలి. అన్నట్టు, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు అక్కడి ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసెయ్యమని రైతుల్ని కోరింది. వేళాపాళా లేని కరెంటు కోసం పెట్టుకున్న సెట్టింగు, ఎప్పుడూ కరెంటుంటే నీళ్ళు ఊరికే తోడిపోస్తుంది కదా!

ఇహ మన కోడు సంగతి. పైథాన్‌లో "సెట్టింగు ఆర్ ట్రూ" అని రాస్తుంటారు. సెట్టింగు లేకపోతే ట్రూ అనుకోమని రాసినవాడి ఉద్దేశం. కానీ ఫైల్లో స్పష్టంగా ఫాల్స్ అని ఉన్నా ఫలితం ట్రూయే! కస్టమరు "వద్దు" అంటే ప్రోగ్రాముకి "లేదు" అని వినబడింది. జావాస్క్రిప్టులో రెండు నిలువు గీతలతో వచ్చే చిక్కూ ఇదే. 2020లో ఆ భాషలోకి రెండు ప్రశ్నార్థకాల గుర్తు వచ్చింది. అది విలువ నిజంగా లేనప్పుడే డిఫాల్టు తీసుకుంటుంది, ఫాల్స్‌ని ముట్టుకోదు.

స్పెల్లింగుల గొడవ ఇంకోటి. మా ఊరి పేరుని ఇంగ్లీషులో హెచ్ పెట్టి కొందరు, పెట్టకుండా కొందరు రాస్తారు, అయినా ఉత్తరం చేరుతుంది. సెట్టింగులకి ఆ భరోసా లేదు. జావాలో పార్స్‌బూలియన్‌కి "ఎస్" అని ఇస్తే ఫాల్స్ వస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. "ట్రూ" తర్వాత ఒక స్పేసు మిగిలిపోయినా ఫాల్సే. పైథాన్‌లో "ఫాల్స్" అనే స్ట్రింగుని బూల్‌కి ఇస్తే ట్రూ వస్తుంది, ఎందుకంటే అది ఖాళీ స్ట్రింగు కాదు. యామెల్ 1.1 ప్రకారం నార్వే దేశపు కోడు ఎన్-ఓ కొటేషన్లు లేకుండా రాస్తే ఫాల్స్ అయిపోతుంది. మనవాళ్ళు బోలెడుమంది ఉండే కెనడాలోని ఒంటారియో కోడు ఓ-ఎన్ ట్రూ అయిపోతుంది. 2009లో వచ్చిన యామెల్ 1.2 దీన్ని సరిదిద్దింది గానీ, పైయామెల్ లాంటి లైబ్రరీలు పాత పద్ధతిలోనే చదువుతాయి.

నేను పాటించేవి నాలుగే. ఒకటి, ట్రూ, ఫాల్స్ తప్ప ఇంకేం కనబడినా ప్రోగ్రాము మొదట్లోనే ఆగిపోవాలి, ఊహించకూడదు. రెండు, "లేదు"ని, "వద్దు"ని విడివిడిగా దాచాలి. మూడు, పేర్లలో వ్యతిరేకార్థం వద్దు. "డిజేబుల్ లాగింగ్ = ఫాల్స్" అంటే "రాయకుండా ఉండొద్దు" అన్నట్టు, అర్ధరాత్రి నిద్రలేచి చదివేవాడికి అదొక శిక్ష. నాలుగు, మూడో జవాబు వచ్చే ప్రశ్న అయితే మొదట్నుంచీ మాటల్లోనే పెట్టాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో సర్వరు తాళంచెవిని సరిచూసుకునే సెట్టింగుకి ఎస్, నో కాక "ఆస్క్" కూడా ఉండేది. 2017లో దానికి "యాక్సెప్ట్-న్యూ" కూడా చేర్చాల్సొచ్చింది. ఔనా కాదా అని తేలిపోయే ప్రశ్నలు మనం అనుకున్నదానికంటే తక్కువ.

కోడు రాసేటప్పుడు ఫాల్స్ అని కొట్టేముందు, అది లేదా, కాదా, వద్దా అని ఒక్క క్షణం తెలుగులో అడిగి చూడండి. జవాబు చెప్పలేకపోతే ఆ సెట్టింగు ఇంకా తయారు కానట్టే.