ఇరవయ్యో పేరు

2013 జూన్ 27 రాత్రి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్. బార్‌క్లేస్ సెంటర్ కిటకిటలాడుతోంది. కొత్త సూట్లు వేసుకున్న కుర్రాళ్లు, పక్కనే అమ్మానాన్నలు. వేదిక మీంచి ఒక్కో పేరూ పిలుస్తుంటే చప్పట్లు, కౌగిలింతలు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోకి కొత్తవాళ్లను తీసుకునే రోజది. దాన్నే డ్రాఫ్ట్ అంటారు.

మన ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో మంచి ర్యాంకు వచ్చినవాళ్లు మంచి కాలేజీని ఎంచుకుంటారు. డ్రాఫ్ట్‌లో అంతా తిరగేసి ఉంటుంది. జట్లే కుర్రాళ్లను ఎంచుకుంటాయి. అదీ, అంతకుముందు బాగా ఓడిన జట్లకే ముందు వంతు! తొలి రౌండులోని 30 స్థానాల్లో మొదటి 14 ప్లేఆఫ్స్‌కు చేరని జట్లవి. పదిహేను నుంచి ముప్ఫై దాకా బాగా ఆడిన జట్లవి (వంతుల్ని ఇచ్చిపుచ్చుకోవడం మామూలేననుకోండి). అంటే ఇరవయ్యో పేరు కుర్రాడు సాధారణంగా వెళ్లేది అప్పటికే చోటు నిండిపోయిన ఇంటికి. కూర్చోవాల్సింది బెంచీ మీద. చేతిలో ఉండేది రెండేళ్ల గ్యారంటీ. ఆ తర్వాత మరో రెండేళ్లు ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు ఇష్టం.

అయినా అభిమానుల ఆశకు హద్దుండదు. అందుకు ఆ రాత్రి పిలిచిన పదిహేనో పేరే ఓ కారణం. యానిస్ అంటెటోకూంపో! ఏథెన్స్ వీధుల్లో వాచీలూ బ్యాగులూ అమ్మిన కుటుంబం. 2019లో, 2020లో లీగ్‌లోకెల్లా విలువైన ఆటగాడయ్యాడు. 2021లో మిల్వాకీకి టైటిల్ తెచ్చాడు. 27వ పేరు రూడీ గోబేర్ నాలుగుసార్లు ఉత్తమ డిఫెండర్ అవార్డు అందుకున్నాడు. ఇక ఏటా జూన్‌లో పదిహేను తర్వాత వంతున్న ప్రతి ఊరూ ‘మనకూ ఓ యానిస్ దొరక్కపోడు’ అనుకుంటుంది.

కానీ పదిహేను నుంచి ముప్ఫై దాకా ఆ రాత్రి పిలిచిన పదహారు మందిలో ఆల్‌స్టార్లయింది ఆ ఇద్దరే. 28వ పేరు లివియో జాన్-షార్ల్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కరాసెవ్, నెదోవిచ్ త్వరలోనే యూరప్ తిరిగెళ్లిపోయారు. షేన్ లార్కిన్ కూడా వెళ్లాడు... వెళ్లి ఇస్తాంబుల్ జట్టుతో రెండుసార్లు యూరోలీగ్ గెలిచాడు. కాబట్టి ఎన్‌బీఏలో నిలవనంత మాత్రాన ఆట రానట్టు కాదు. ఆమాటకొస్తే ఆ రాత్రి మొట్టమొదటి పేరు ఆంథొనీ బెన్నెట్ కూడా నాలుగు సీజన్లకే లీగ్‌కు దూరమయ్యాడు.

మరి ఇరవయ్యో పేరు మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చు? టోనీ స్నెల్‌ను చూస్తే తెలుస్తుంది. ఆ రాత్రి షికాగో తీసుకున్న ఇరవయ్యో కుర్రాడు. అవతలి జట్టులో బాగా స్కోరు చేసేవాణ్ని అడ్డుకోవడం, మూలన నిలబడి బంతి వస్తే మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేయడం... అదీ అతని పని. మిల్వాకీలో మూడు సీజన్లు యానిస్ పక్కనే ఆడాడు. 2017లో ఆ జట్టు నాలుగేళ్లకు నాలుగు కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం ఇచ్చింది. 2020-21లో అట్లాంటాకు ఆడుతూ మూడు పాయింట్ల షాట్లలో సగానికి పైగా బుట్టలో వేశాడు. మొత్తం తొమ్మిది సీజన్లు, ఆరు జట్లు, ఆరొందలకు పైగా మ్యాచ్‌లు. సగటు మాత్రం ఆరు పాయింట్లే! ఆ అంకె చూసి పెదవి విరిచేవాళ్లకు, ఆ స్థానంలో వచ్చిన కుర్రాడు తొమ్మిదేళ్లు నిలవడమే ఎంత అరుదో తెలియదు.

స్నెల్‌కు కావలసింది ఇంకొక్క ఏడు. అతని చిన్నారికి ఆటిజం ఉందని తేలాక, తనూ పరీక్ష చేయించుకున్నాడు. తనకూ ఉందని 31 ఏళ్ల వయసులో తెలిసింది. 2023లో ఓ టీవీ కార్యక్రమంలో ఆ సంగతి బయటికి చెప్పాడు. కొడుకులిద్దరికీ ఆటిజమే. ఆటగాళ్ల సంఘం వైద్య పథకం, రిటైరయ్యాక భార్యాబిడ్డలకు కూడా వర్తించాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. అతనికున్నది తొమ్మిది. అందుకే కిందిస్థాయి లీగ్‌లో మెయిన్ సెల్టిక్స్ జట్టుకు ఆడుతూ పిలుపు కోసం చూశాడు. 2024 ఫిబ్రవరి 2లోగా ఎవరైనా తీసుకుంటే పదో ఏడు లెక్కలో పడేది. సంగతి పత్రికల్లో వచ్చింది. అభిమానులు జట్ల పేర్లు చెప్పి మరీ అడిగారు.

ఆ శుక్రవారం గడిచిపోయింది. ముప్ఫై జట్లలో ఒక్కటీ పిలవలేదు.