చిందా? పెల్లగింపా?

తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి పరమాణువులతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. కాని పని పడింది. భౌతికశాస్త్రం చదివే మన విద్యార్థిని ఒకామె, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకొన్నది, సెమినారులో తన వ్యాసం తెలుగులోనే చదువుతానని పట్టుబట్టింది. "శాస్త్రం తెలుగులో నిలవదు" అని ఒకరిద్దరు పెద్దలు పెదవి విరిచారు. ఆమె నా వద్దకు వచ్చి ఒక్క మాట అడిగింది: 'స్పటరింగ్' అనే దానికి తెలుగేమిటి సార్?

గాలి తీసివేసిన పాత్రలో ఆర్గాన్ అయాన్లను వేగంగా లోహపు పలకపైకి తోలితే, పైపొరలోని పరమాణువులు ఊడి బయటికి లేచిపోతాయి. 1852లో విలియం గ్రోవ్ దీనిని గమనించాడు. నేడు గాజు పలకలకు, కంప్యూటరు చిప్పులకు పలుచని లోహపు పూత పూయడానికి ఈ ఉపాయం వాడుతున్నారు.

తరగతిలో ఎవరో "చిందు" అన్నారు. ఉర్దూ శాఖ సోదరులు 'ఛీంటే' అన్నారు. రెండింటిలోనూ కనిపించేది పొయ్యిమీది నూనెమూకుడే. నా సందేహమూ అక్కడే పుట్టింది. మూకుడులో నూనె చిందేది వేడివల్ల. లోహం కూడా వేడెక్కే ఊడుతోందా?

విచిత్రమేమంటే, శాస్త్రజ్ఞులు సైతం చాలాకాలం ఈ ప్రశ్నమీదనే తగవులాడుకొన్నారు. తాకినచోట లోహం క్షణకాలం కాగి ఆవిరవుతుందని కొందరు. కాదు, ఢీకొన్న తాకిడే ఊడగొడుతుందని గత శతాబ్ది తొలి దశకంలోనే యోహనెస్ ష్టార్క్ వాదించాడు. 1955లో వేనర్ ఏకస్ఫటిక లోహాలను కొట్టి చూస్తే, పరమాణువులు కొన్ని నియత దిశలలోనే ఎక్కువగా వెలువడ్డాయి. ఆవిరికి అటువంటి క్రమశిక్షణ ఎక్కడిది? తాకిడి పక్షమే నెగ్గింది.

"క్యారమ్స్‌లో స్ట్రైకరు కొడితే కాయలు ముందుకే పోతాయి కదా, మరి లోహంలోనుంచి వెనక్కి ఎలా వస్తాయి?" అని ఆమె అడిగింది. మంచి ప్రశ్న. ఒక కాయ మరొక కాయను, అది ఇంకొకదానిని తాకుతూపోతే, నాలుగైదు తాకిళ్లలో మొదటి దిశ చెదిరిపోతుంది. కొన్ని పైకి కూడా తిరుగుతాయి. అలా తిరిగినదానికి ఉపరితలపు కట్టును తెంచుకొనే శక్తి ఉంటేనే విడుదల. రాగికి ఆ కట్టు సుమారు 3.5 ఎలక్ట్రాన్ వోల్టులు. 500 వోల్టుల శక్తితో వచ్చిన ఆర్గాన్ అయాను ఊడగొట్టేది సగటున రెండు పరమాణువులకు కాస్త పైన. తక్కిన శక్తిలో అధికభాగం లోహంలోనే వేడిగా ఇంకిపోతుంది. పైపొర దగ్గర ఎంత శక్తి దిగబడితే అంత దిగుబడి, కట్టు ఎంత గట్టిదైతే అంత తగ్గుదల అని 1969లో పీటర్ సిగ్మండ్ సూత్రం కట్టాడు.

ఒక్కొక్క తాకిడినీ కంప్యూటరులో అనుసరించే పద్ధతికి మాంటీ కార్లో అని జూదశాల పేరు పెట్టారు. కణం ఎవరిని ఎంత ఓరగా తాకుతుందో పాచిక వేసి నిర్ణయిస్తారు. వేలసార్లు వేస్తే సగటు తేలుతుంది. 1980లో బీర్జాక్, హాగ్‌మార్క్ ఇటువంటి లెక్కనే ప్రకటించారు. మన భారతంలో పాచికలు రాజ్యం పోగొట్టాయి. ఇక్కడ అవే లెక్క నిలబెట్టాయి!

అందుచేత "పెల్లగింపు" అన్నాను. మట్టిగడ్డ పెల్లగిల్లాలంటే పట్టు వదలాలి, తాకిడి కావాలి. ఆమెకు నచ్చింది. అయితే బరువైన అయాన్లు పడినప్పుడు తాకిళ్లు ఒకేచోట కిక్కిరిసి, అక్కడ వేడిలెక్కే మళ్లీ పనికి వస్తుందని ఆమే చదివి వచ్చి చెప్పింది. అక్కడికి "చిందు"ను ఉంచుకొన్నాము.

గంట కొట్టేదాకా చదివింది. పెదవి విరిచిన పెద్దలలో ఒకరు లేచి, "చంద్రునిపై కూడా ఇలా జరుగుతుందా అమ్మా?" అని తెలుగులోనే అడిగారు.

జరుగుతుంది. గాలిపొర అడ్డులేని ఆ నేలమీద సౌరపవనపు ప్రోటాన్లు సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో పడుతుంటాయి. 2008లో శ్రీహరికోటనుంచి వెళ్లిన చంద్రయాన్-1లో 'సారా' అనే పరికరం ఉండేది (పేరు విని నవ్వకండి). పడిన ప్రోటాన్లలో అయిదోవంతు దాకా హైడ్రోజన్ పరమాణువులై వెనుదిరుగుతున్నాయని అది పట్టి చూపింది. ఈ తిరిగివచ్చేది చంద్రుని మట్టి కాదు, సూర్యునినుంచి వచ్చినదే. దీనికి పెల్లగింపూ కుదరదు, చిందూ కుదరదు. ఆమె ఇప్పుడు మూడో మాట వెదుకుతోంది. నిఘంటువు నా బల్లమీదనుంచి వెళ్లి రెండు వారాలైంది.