పెళ్లి బట్టలు, పాత తీర్పు

మీ ఇంట్లో పెళ్లి ఉందా? అయితే మా ఇంటి గొడవ మీకు తెలిసిందే!

మా అమ్మాయి రోజూ రాత్రి ఫోన్‌లో పెళ్లి బట్టలు చూస్తుంది. కంచి పట్టు, గద్వాల చీర, ఎర్ర లెహంగా. లెహంగా మనది కాదని నేను అంటాను. తను మూతి ముడుచుకుంటుంది.

ఈ మధ్య గాంధీగారి ‘దక్షిణాఫ్రికాలో సత్యాగ్రహం’ చదివాను. 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టులో జస్టిస్ సెర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్లి చెల్లదన్నాడు. తాళి కట్టినా, ఏడడుగులు నడిచినా, చట్టం ముందు ఆమె భార్య కాదు! ఆడవాళ్లు ఊరుకోలేదు. కస్తూరిబా, మరికొందరు అనుమతి లేకుండా ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. మూడు నెలలు జైల్లో ఉన్నారు. 1914లో కొత్త చట్టం వచ్చింది.

ఇది చదివి వినిపించాను. అమ్మాయి ఫోన్ పక్కన పెట్టింది.

"అయితే మీ అమ్మమ్మ వాళ్ల అమ్మ పెళ్లి?" అని అడిగింది.

"తాళి ఉండేదట. కాగితం సంగతి ఎవరూ చెప్పలేదు" అన్నాను.

కాసేపు ఆగి, "తాళి కట్టేటప్పుడు చదివే మంత్రానికి అర్థం ఏమిటమ్మా?" అంది.

నాకూ సగమే తెలుసు. సిగ్గేసింది. గుడిలో తెలుగు నేర్చుకున్నాను, బడిలో పాఠాలు చెబుతాను, ఇది మాత్రం ఎవరినీ అడగలేదు. బట్టల గురించే వాదించాను.

ఈ ఆదివారం ఇద్దరం పంతులుగారి దగ్గరికి వెళ్తున్నాం. తాళి వేళకు మధుపర్కాలు, విందుకు లెహంగా. అలా ఒప్పుకున్నాం.

మీరూ చీరలు చూడండి. మంత్రం అర్థం కూడా అడగండి.