ఆకాశంలో రచ్చబండ

ఊరి రచ్చబండ దగ్గర పదిమంది ఒకేసారి మాట్లాడినా కాస్తో కూస్తో అర్థమవుతుంది. ఎవరి పెదవులు కదులుతున్నాయో కంటికి కనబడుతుంది. చెవి తనకు కావలసిన మాటను ఏరుకుంటుంది. రేడియోలో ఆ వీలు లేదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ఒక్కసారిగా మాట్లాడితే ఇద్దరి మాటలూ పాడవుతాయి. లేదా బలమైన ప్రసారం నిలిచి, బలహీనమైనది అణగిపోతుంది. పైగా మాట్లాడటానికి మైకు మీది మీట నొక్కి ఉంచినంతసేపు మామూలుగా ఆ మనిషికి అవతలివారి మాట వినిపించదు. తన గొంతు మరొకరి గొంతును కప్పేసిందన్న సంగతి అందరికంటె ఆలస్యంగా తెలిసేది కప్పినవారికే.

ఇటువంటి చోట పదిమందిని కూర్చి మాట్లాడించడం ఒక విద్య. హామ్ రేడియో అభిరుచి గలవారు ఆ విద్యను చాలాకాలంగా సాధన చేస్తున్నారు.

ప్రభుత్వం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులై, లైసెన్సు పొంది, ఇంట్లోనే చిన్న రేడియో కేంద్రం పెట్టుకొని, తమవంటి వారితో ముచ్చటించేవారిని హామ్‌లంటారు. ఉపాధ్యాయులు, వైద్యులు, గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు, విద్యార్థులు - వీరిలో అందరూ ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పిలుపు సంకేతం ఉంటుంది. మన దేశంలో అది సాధారణంగా వి.యు. అనే అక్షరాలతో మొదలవుతుంది. ఈ అభిరుచిని పెంపొందించడానికి 1983లో హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. హామ్‌ల ముచ్చట్లలో వ్యాపారానికి చోటు లేదు. వాతావరణం, యంత్రాల పనితీరు, యాంటెనాల సంగతులు, ఆ పైన కుశల ప్రశ్నలు - ఇవే వారి కబుర్లు.

నిర్ణయించుకున్న వేళకు, నిర్ణయించుకున్న ఫ్రీక్వెన్సీలో పలువురు కలుసుకోవడాన్ని వారు 'నెట్' అంటారు. కంప్యూటర్లను కలిపే ఇంటర్‌నెట్ కంటె ఈ వాడుక పాతది. ఆ కూటమిని నడిపేవారు నెట్ కంట్రోలర్. ఆయనకు వేదిక లేదు, కుర్చీ లేదు, బల్ల మీద చరచడానికి సుత్తి లేదు. ఎదుట ఉన్నవి ఒక రేడియో, ఒక కాగితం, ఒక పెన్సిలు.

నెట్ మొదలుపెట్టేముందు ఆయన కొంతసేపు ఊరికే వింటాడు. తర్వాత, "ఈ ఫ్రీక్వెన్సీని ఎవరైనా వాడుతున్నారా?" అని అడుగుతాడు. ఎవరూ పలకకపోతే మళ్ళీ అడుగుతాడు. ఆపదకు సంబంధించిన కబురు ఎవరి దగ్గరైనా ఉంటే ముందు దానికే అవకాశం. ఆ తర్వాత, ప్రయాణంలో ఉన్నవారిని, తక్కువ శక్తిగల యంత్రాలున్నవారిని పిలుస్తాడు. గట్టిగా వినబడేవారు ఎలాగూ వినబడతారు. వారు కాసేపు ఆగితే పోయేదేమీ లేదు. సన్నగా, గరగరల మధ్య తేలివచ్చే గొంతుకు మాత్రం ఆ నాలుగు నిమిషాలే దక్కవచ్చు. పిలుపు సంకేతాలు వరుసగా రాసుకొని, ఒక్కొక్కరికీ వంతు ఇస్తాడు. ఒకరి మాట ముగిసిన వెంటనే మరొకరిని పిలవడు. రెండు మూడు సెకన్లు ఖాళీగా వదులుతాడు. ఆలస్యంగా వచ్చినవారు, ఏదైనా తొందర పని ఉన్నవారు ఆ సందులోనే 'బ్రేక్' అని పలకగలరు. కొత్తగా నెట్ నడిపేవారు ఆ నిశ్శబ్దానికి కంగారుపడి దానిని తమ మాటలతో నింపేస్తారు. క్రమశిక్షణ పేరుతో సగం సమయం తామే తినేసేవారూ లేకపోలేదు. అందరి మాటలకూ అడ్డు పడకూడదని అరగంట ఉపన్యసించేవాడికంటె పెద్ద అడ్డు ఎవరు?

ఇందులో ఒక విచిత్రం ఉంది. 7 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని రేడియో తరంగాలు పైకి వెళ్ళి, ఐనో ఆవరణం నుండి వంగి, దూరాన నేలకు దిగుతాయి. అందువల్ల కొన్ని వేళల్లో దగ్గరివారు వినబడరు, దూరపువారు వినబడతారు. బెంగళూరులో కూర్చున్న కంట్రోలర్‌కు 40 కిలోమీటర్ల దూరంలోని హోసూరు వినిపించకపోవచ్చు. అదే సమయంలో భువనేశ్వర్‌లోని హామ్‌కు రెండు ఊళ్ళూ వినిపించవచ్చు. అప్పుడు భువనేశ్వర్‌వారు అందుకొని హోసూరు మాటను బెంగళూరుకు చేరవేస్తారు. తనకు వినబడలేదు కనుక అక్కడ ఎవరూ లేరనుకొనే కంట్రోలర్ ఆ పనికి తగడు. అందుకే జాబితా ముగిశాక, "నాకు వినబడనివారు ఇంకెవరైనా మీకు వినబడుతున్నారా?" అని తక్కినవారిని అడుగుతాడు.

మాట తెంచలేనివారు ప్రతి కూటమిలోను ఉంటారు. తన యాంటెనా పొడవు మొదలుకొని దానిని కట్టిన కొబ్బరిచెట్టు వయస్సు దాకా వర్ణించేవారిని ఏం చేయాలి? కసిరితే చిన్నబోయి రేపటినుండి రారు. ఊరుకుంటే మిగిలినవారు వెళ్ళిపోతారు. నేర్పుగలవారు, "నెట్ అయ్యాక ఈ సంగతి మనం వేరే ఫ్రీక్వెన్సీలో వివరంగా చెప్పుకుందాం" అని వంతు మారుస్తారు. ఆ తర్వాత నిజంగానే వెళ్ళి వింటారు. కావాలని ఈలలు వేసి చెడగొట్టేవారికైతే జవాబే ఉండదు. వారిని గురించి ఒక్క మాట పలికినా వారు కోరుకున్నది వారికి దక్కినట్లే.

ఇద్దరు తెలుగువారు కలిస్తే, ఒకరు కోలారులో ఉన్నా మరొకరు బరంపురంలో ఉన్నా, తెలుగులో పలకరించుకోవడం సహజం. మంచి కంట్రోలర్ దానిని ఆపడు. తెలుగు రానివారి కోసం ఆ ముచ్చట సారాన్ని ఒక్క వాక్యంలో చెప్పి, ముందుకు సాగుతాడు.

ఈ మర్యాదలు కాలక్షేపానికి పుట్టినవే. అయినా 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని పెనుతుపాను తాకి టెలిఫోన్లు మూగబోయినప్పుడు హామ్‌ల రేడియోలు కబుర్లు మోశాయి. 2004 డిసెంబరులో వాటికి మరింత కఠినమైన పరీక్ష ఎదురయింది. అప్పుడు భారతీ ప్రసాద్ అనే హామ్ తన బృందంతో పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. అండమాన్ దీవుల నుండి చాలా ఏళ్ళుగా హామ్ ప్రసారాలు లేవు. కనుక అక్కడి నుండి గొంతు వినిపించేసరికి దేశదేశాల హామ్‌లు ఆమెతో మాట్లాడాలని పోటీపడ్డారు. 26వ తేదీ ఉదయం భూమి కంపించింది. ఆ వెనుక సునామీ వచ్చింది. విద్యుత్తు, టెలిఫోన్లు దెబ్బతిన్నాయి. ఆమె మళ్ళీ రేడియో పెట్టుకొని ప్రధాన భూభాగాన్ని పిలిచారు.

ఆ గడియలో శక్తిమంతమైన యంత్రాలున్న వందలాది హామ్‌లు చేయగల పెద్ద సాయం మీట నొక్కకుండా ఉండటమే. ఒక్కరు సరదాగా పలకరించినా ఒక కుటుంబపు కబురు చెడుతుంది. అండమాన్‌లో స్థిరపడిన తమిళులు, బెంగాలీలు, తెలుగువారు ఎందరో ఉన్నారు. ఇక్కడ వారి బంధువులు ఎదురుచూస్తున్నారు. పంపవలసిన కబుర్లు చిన్నవే: ఒక పేరు, ఒక చిరునామా, 'క్షేమం' అన్న ఒక్క మాట. అయితే పేరులో ఒక్క అక్షరం తప్పితే రాము ఇంటికి చేరవలసిన కబురు రాజు ఇంటికి చేరుతుంది. అందుకే ఇటువంటి కబుర్లలో పేరును అక్షరం అక్షరంగా విడదీసి పలుకుతారు. అవతల రాసుకున్నవారు మొత్తం తిరిగి చదివి వినిపిస్తారు. సరిపోతే సరిపోయిందని ఒక్క మాట చెప్పి, రెండు క్షణాలు ఆగి, తర్వాతి పేరు అందుకుంటారు.